పిల్లితోలు బాంజో పంపకం

ఉత్తర కరోలినా కొండల్లో, కోల్డ్ ఫోర్క్ ఏటి ఒడ్డున నివాసం ఉంటూ, కీర్తిశేషుడు ఆల్విన్ గ్రాగ్ పెద్ద కూతురిని, కీర్తిశేషుడు కోయ్ ఫెయిర్‌చైల్డ్ భార్యను అయిన లవాడా ఫెయిర్‌చైల్డ్ అను నేను, పూర్తి తెలివితో, ఎవరి ఒత్తిడీ ఎవరి బోధనా లేకుండా, నా తదనంతరం నా ఆస్తి ఎవరికి ఎలా చెందాలో ఇందులో రాయిస్తున్నాను. ఇంతకు మునుపు నేను ఏమైనా రాసి ఉన్నా, నోటిమాటగా ఎవరికైనా ఏదైనా ఇస్తానని చెప్పి ఉన్నా, అవి చెల్లవు.

తెలివి సంగతి వకీలుగారు రెండుసార్లు అడిగారు కాబట్టి ఒక మాట. ఈ మధ్య పొద్దెక్కే వేళ వరండాలో కునుకు పడితే, ఏటి మీది మంచు మెల్లగా లేచి చెట్ల తలల మీదికి పోతున్నప్పుడు, వంటింట్లో అమ్మ పాడుతున్నట్టు వినిపిస్తుంది. అమ్మ పోయి చాలా కాలమైందని నాకు తెలుసు. తెలిసే వింటున్నాను. దీన్ని మతిభ్రమణం కింద రాసుకోవద్దని వకీలుగారికి మనవి.

1. నా దేహాన్ని ఎగువ వాలులో కోయ్ పక్కన పూడ్చవలెను. పెట్టెకు మామూలు చెక్క చాలు. ప్రసంగం ఎవరు చేసినా క్లుప్తంగా చేయవలెను. అక్కడ ఎప్పుడూ గాలి ఎక్కువ, ముసలివాళ్ళు నిలబడలేరు.

2. నా ఇల్లు, ఇంటి చుట్టూ ఉన్న భూమి, పాత కొట్టం, ఆవు, ఇవన్నీ కోయ్ అక్క కొడుకు డొర్సీ కాఫీకి సర్వహక్కులతో చెందవలెను. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత కూడా అతనిదే. ఒకే షరతు. నా కంచె పక్కనుంచి ఏటి మీది దుంగ వంతెన దాకా పోయే కాలిబాటను అతను గానీ, అతని తర్వాతివాళ్ళు గానీ ఎన్నడూ మూయరాదు. డొర్సీ మంచివాడు, పాట మాత్రం చెవికెక్కదు. “అత్తా, నీ పాటలన్నీ ఒక్కలాగే ఉంటాయి గదా” అంటాడు. “ఏరు కూడా ఒక్కలాగే ఉంటుందిరా, మరి రోజూ వచ్చి దాని పక్కనే ఎందుకు కూర్చుంటావు?” అని అడిగాను. మర్నాడూ వచ్చి అక్కడే కూర్చున్నాడు. అందుకే అతనికి ఏరు ఇచ్చాను, బాంజో ఇవ్వలేదు.

3. మా అమ్మ దాచిన చిక్కుడు విత్తనాలు, వంటింటి అటక మీద గాజు సీసాల్లో ఉన్నవి, ఏటి ఎగువన కొత్తగా కాపురం పెట్టిన పట్నం జంటకు ఇవ్వవలెను. వాళ్ళు టేపు రికార్డరు మోసుకుని నా పాటల కోసం వచ్చారు. పాపం, ఆ అబ్బాయి ఎంతో మర్యాదగా అడిగాడు, ఏటి చప్పుడు లేకుండా ఇంకోసారి వాయిస్తారా అని. కుదరదు నాయనా అన్నాను. పాటలు పట్టుకెళ్ళారు గాని తినేదేమీ అడగలేదు. ఆ పిల్ల కడుపుతో ఉంది. చిక్కుడు తీగ పాకితే వాళ్ళు ఈ నేల మీద నిలుస్తారని నా ఆశ.

4. ఆపిళ్ళు పిండే మరను, మా తమ్ముడి చర్చి సంఘంలో పెద్ద అయిన గ్రేడీ టెస్టర్‌కు ఇస్తున్నాను. అది ఇప్పటికే అతని కొట్టంలోనే ఉంది. కోయ్ బతికుండగా ఒక్క వారానికని పట్టుకెళ్ళాడు. ఇక నుంచి అది అతనిదే కాబట్టి, అంగట్లో నేను ఎదురైతే మైదా బస్తాల వెనక్కి తప్పుకోవలసిన పని లేదు. ఈ ఏడు పిండిన రసం ఒక కూజాడు పంపినా కాదనను.

5. ఇక బాంజో. నా చరాస్తుల్లో నాకు ముఖ్యమైనది ఇదొక్కటే కాబట్టి కొంచెం వివరంగా రాయించుకుంటున్నాను. వకీలుగారు ఓపిక పట్టవలెను.

ఈ తీగల వాద్యాన్ని మా నాన్న స్వయంగా చేశాడు. అక్రోటు చెక్క మెడ, దాని మీద మెట్లు లేవు, వేలు ఎక్కడ జారితే అక్కడే స్వరం. బుర్రకు బిగించినది పిల్లి తోలు. ఎవరి పిల్లి అని అడిగితే నాన్న నవ్వేవాడే గాని చెప్పేవాడు కాదు. వాయించడం నాన్నకు నేర్పినది లియాండర్ హార్షా అనే నల్లజాతి మనిషి. కొండ తొలిచి రైలు దారి వేసే రోజుల్లో ఇద్దరూ ఒకే సొరంగంలో పని చేశారు. గోరు కిందికి కొట్టాలి, బొటనవేలు వెంటనే పొట్టి తీగను అందుకోవాలి. ఆ పొట్టి తీగ పాట సాగినంతసేపూ ఒకే స్వరం పలుకుతుంది, తలుపు అవతల ఎవరో నిలబడి పిలుస్తున్నట్టు. లియాండర్ వాళ్ళ తాత ఇలాంటిదాన్ని సొరకాయ బుర్రతో చేసుకునేవాడట.

అమ్మ వెన్న చిలుకుతూ మలిండా పాట పాడేది. ఏరు పొంగి అవతల చిక్కుకుపోయిన తెప్పవాడు ఇవతలి ఒడ్డున ఉన్న మలిండాను పిలిచే పాట అది. ‘మలిండా, దీపం ఆర్పకు, నీళ్ళు తగ్గుతున్నాయి’ అని ప్రతి చరణం చివరా వస్తుంది. నాన్న వాయించేవాడు. నేనూ, తమ్ముడు హార్లిస్సూ నేల మీద బోర్లా పడుకుని వినేవాళ్ళం. నీళ్ళు ఎప్పటికి తగ్గుతాయని హార్లిస్ అడిగేవాడు. పాట అయ్యేలోపు నిద్రపోయేవాడు.

హార్లిస్ పెద్దవాడై బోధకుడయ్యాడు. వాళ్ళ సంఘంలో వాద్యం పనికిరాదు, దేవుణ్ణి వట్టి గొంతుతోనే స్తుతించాలి. అందులోనూ బాంజో అంటే తాగుడుకీ చిందులకీ తోబుట్టువు. నాన్న పోయి బాంజో నా చేతికి వచ్చినప్పుడు, వాడు మా వాకిట్లో వానలో నిలబడి, “అక్కా, ఆ పెట్టెలో సైతాను కూర్చుని ఉన్నాడు. అది ఉన్న ఇంట్లో నేను అడుగు పెట్టను” అన్నాడు. “బయట వాన పడుతోంది గదరా, వాణ్ణి లోపలే కూర్చోనీ పాపం. నువ్వు కూడా రా, తడిసిపోతున్నావు” అన్నాను. రాలేదు. అన్న మాట నిలబెట్టుకున్నాడు. ఏటికి అటు వాడు, ఇటు నేను. ఆవు ఈనినా, పొగాకు ఎండినా కంచె దగ్గరే నిలబడి మాట్లాడుకున్నాం. వాడి జుట్టు తెల్లబడడం నేను కంచె మీదుగానే చూశాను.

వాడి భార్య ఓర్ఫా వాడికంటే గట్టిది. నేను వాయించడం మొదలుపెట్టగానే ఏటి అవతల కిటికీ మూసిన చప్పుడు వినిపించేది. వేసవిలో కూడా మూసేది. ఉక్కకు ఏమైపోతారోనని నేనే జాలిపడి పాట ఆపిన రోజులున్నాయి.

రెండేళ్ళ కిందట, చెట్లు చిగురించే కాలంలో, హార్లిస్‌కు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది. అంతకంటే పెద్ద దెబ్బ, మాట పోయింది. జీవితమంతా నోటితో బతికినవాడికి ‘అదీ, అదీ’ అనడం తప్ప ఏమీ మిగలలేదు. మనుషులందరూ తెలుసు, చెప్పినదంతా అర్థమవుతుంది, మాట మాత్రం అందదు. ఓర్ఫాను పేరు పెట్టి పిలవబోయి, ‘అదీ’ అని, సిగ్గుపడి గోడవైపు తిరిగేవాడట. నేను చూడ్డానికి వెళితే ఓర్ఫా గుమ్మంలోనే నిలబడి, బాగానే ఉన్నాడు వదినా, అని పంపేసేది.

వేసవి మొదట్లో ఒక పొద్దున, మంచు ఇంకా ఏటిని వదలలేదు. నేను వరండాలో కూర్చుని మలిండా పాట వాయిస్తున్నాను. పాడడం లేదు, వట్టి వాయిద్యమే. మంచులో అవతలి ఒడ్డు కూడా కనబడడం లేదు. కిటికీ మూసిన చప్పుడు రాలేదే అనుకున్నాను. ఇంతలో దుంగ వంతెన మీద అడుగులు వినిపించి, మంచులోంచి ఓర్ఫా వచ్చింది. ఏప్రాన్ నిండా ఒలుస్తున్న చిక్కుడుకాయలు అలాగే ఉన్నాయి, నడుస్తుంటే రాలిపోతున్నాయి.

“వదినా, ఆపకు” అంది.

“ఏమైంది?”

“ఆయన పాడుతున్నాడు. మాటలతో పాడుతున్నాడు. నీ కాళ్ళు పట్టుకుంటాను, ఆపకు. ఆపితే పోతాయేమో.”

నేను వాయిస్తూనే లేచాను. పట్టీ మెడలో ఉంది. వాయిస్తూనే మెట్లు దిగాను. ఓర్ఫా నా మోచెయ్యి పట్టుకుంది, కాలి కింద దుంగ ఎక్కడుందో తనే చెబుతూ వచ్చింది. కింద నీళ్ళు వినబడుతున్నాయి గాని కనబడడం లేదు. సగం దాటేసరికి ఎదురుగా తమ్ముడి గొంతు వినిపించింది. వణుకుతోంది, అయినా వాడిదే. ఒక్కో మాటా నిండుగా, తీగకు కట్టి లాగుతున్నట్టు వస్తోంది. ఈ లోకంలో నడుస్తున్నానో లేదో నాకు తెలియలేదు. అలా నేను మొదటిసారి వాళ్ళింట్లో బాంజోతో అడుగుపెట్టాను. హార్లిస్ కుర్చీలోంచి నన్ను చూశాడు. పాట ఆపలేదు. పాట అయిపోగానే నోరు తెరిచి ఏదో చెప్పబోయాడు. మళ్ళీ ‘అదీ’ అనే వచ్చింది. ఓర్ఫా నా వైపు తిరిగి, “ఇంకోసారి వదినా” అంది.

ఆ రోజు నుంచి మధ్యాహ్నాలు అక్కడే. పాట ఉన్నంతసేపు మాట ఉండేది.

ఊళ్ళో ఇది ఎన్నాళ్ళు దాగుతుంది. సంఘపు సమావేశంలో గ్రేడీ టెస్టర్ లేచి, మన బోధకుడి ఇంట్లో బాంజో మోగుతోందట, దీనికి ఆయన పశ్చాత్తాపపడుతున్నాడో లేదో చెప్పాలి, లేదా సంఘంలోంచి పేరు కొట్టేయాలి అన్నాడు. నేను ఆ సంఘం దాన్ని కాను, వెనక తలుపు దగ్గర నిలబడ్డాను. హార్లిస్ బల్ల పట్టుకుని లేచాడు. పెదవులు కదిలాయి, ఏమీ రాలేదు. అందరి ముందూ వాడి మెడ ఎర్రబడింది.

ఆడవాళ్ళు ఆ సమావేశంలో మాట్లాడరు. ఓర్ఫా లేచింది.

“ఆయన్ని ఎందుకు నిలబెడతావు గ్రేడీ, నన్నడుగు. మోగుతోంది. నేనే తెప్పించాను. అది మోగినంతసేపే నాకు నా మొగుడి గొంతు వినిపిస్తోంది. మీలో ఎవరైనా వచ్చి, అది లేకుండా ఆయన చేత ఒక్క మాట అనిపించండి. రేపే కిటికీ మూసేస్తాను.”

ముందు బల్ల మీద కూర్చున్న గ్రేడీ తల్లి, బాగా ముసలావిడ, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, “ఏ పాట? మలిండా పాటేనా? మూడో చరణం నాకు రావడం లేదు, వాడికి గుర్తుందేమో కనుక్కోండి” అంది. విషయాన్ని వచ్చే సమావేశానికి వాయిదా వేశారు. ఇప్పటికీ అది వాయిదాలోనే ఉంది. ఆ తర్వాత గుడ్లు కొనే నెపంతోనో, గొడ్డు తప్పిపోయిందనో, హార్లిస్ కంచె దగ్గర నిలబడి వినేవాళ్ళు ఎక్కువయ్యారు. వాళ్ళలో గ్రేడీని కూడా చూశాను.

ఆకులు రాలే కాలంలో ఒక మధ్యాహ్నం, ఎండ నేల మీద పసుప్పచ్చగా పరుచుకుని ఉంది. ఓర్ఫా పొయ్యి పక్కన ఆపిళ్ళ చెక్కు తీస్తోంది. నేను వాయిస్తున్నాను, హార్లిస్ కళ్ళు మూసుకుని పాడుతున్నాడు. చరణం చివరికి వచ్చి, ‘ఓర్ఫా, దీపం ఆర్పకు’ అన్నాడు.

నేను వాయించడం ఆపాను. ఓర్ఫా చేతిలో కత్తి ఆగింది. వాడు కళ్ళు తెరిచాడు, తన నోటినుంచి ఏం వచ్చిందో తనే విన్నాడు. పాట లేకుండా ఆ పేరు పలకాలని ప్రయత్నించాడు. కుదరలేదు. ఎడమ చెయ్యి ఎత్తి, వాయించు అన్నట్టు నాకు సైగ చేశాడు. ఆ పొద్దు వాలేదాకా మేము ఆ ఒక్క చరణం దాటి వెళ్ళలేదు. ఓర్ఫా ఆపిళ్ళ గిన్నె ఒళ్ళో పెట్టుకుని, పిలిచినప్పుడల్లా “ఊఁ, ఇక్కడే ఉన్నాను” అంటూ కూర్చుంది.

పోయిన చలికాలంలో హార్లిస్ పోయాడు. అంత్యక్రియలకు నేను బాంజో తీసుకెళ్ళలేదు. వాడి నమ్మకం వాడిది, నోరు లేనివాడి నమ్మకాన్ని తోసిపుచ్చే హక్కు నాకు లేదు. చివర్లో వాడి మనసు మారిందా అని చాలామంది నన్ను అడిగారు. నాకు తెలియదు. అడిగితే చెప్పలేడు, పాటలో ఆ జవాబు లేదు.

మంచు కరిగాక ఓర్ఫా వంతెన దాటి వచ్చి, నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుని, “నాకు నేర్పు వదినా” అంది. “ఈ వయసులో వేళ్ళు వంగవు ఓర్ఫా” అన్నాను. “నీ వేళ్ళు వంగుతున్నాయిగా. నాకంటే నువ్వే పెద్దదానివి” అంది.

కాబట్టి పైన చెప్పిన బాంజోను, దాని పట్టీతో, విడి తీగలతో, బిరడాలతో సహా, నా తమ్ముడి భార్య ఓర్ఫా గ్రాగ్‌కు సర్వహక్కులతో ఇస్తున్నాను. ఆమె దాన్ని ఎంత అధ్వానంగా వాయించినా ఎవరూ సరిదిద్దరాదు. ఏటికి ఇటు వైపు ఎవరున్నా కిటికీ మూయరాదు.

6. పాటలు నా ఆస్తి కావు. ఎవరూ నాకు కాగితం రాసి ఇవ్వలేదు, నేనూ రాసి ఇవ్వలేను. కావలసినవాళ్ళు పాడుకోవచ్చు, మాటలు మరిచిపోతే సొంత మాటలు కలుపుకోవచ్చు, అవసరమైతే సొంతవాళ్ళ పేర్లూ కలుపుకోవచ్చు. అయితే నా దగ్గర వాయించడం నేర్చుకున్నవాళ్ళు ఇంకొకరికి నేర్పేటప్పుడు, మొదట లియాండర్ హార్షా పేరు చెప్పి, తర్వాత మా నాన్న పేరు చెప్పవలెను. నా పేరు చెప్పకపోయినా ఫరవాలేదు.

ఈ వీలునామాకు సాక్షి సంతకం తనే పెడతానని ఓర్ఫా వచ్చింది. ఏదైనా పొందేవాళ్ళు సాక్షిగా ఉండకూడదని వకీలుగారు చెప్పారు. నాకేం వస్తుందట అని అడిగింది. నేను చెప్పలేదు. ప్రస్తుతం వరండాలో కూర్చుని సాధన చేస్తోంది. గోరు బాగానే పడుతోంది, బొటనవేలు మాత్రం ప్రతిసారీ ఆలస్యంగా అందుకుంటోంది. ఆ ఆలస్యం వినడానికి ఎందుకో బాగుంది. వకీలుగారు చదివి వినిపించిన పైదంతా నేను చెప్పినట్టే ఉంది. ఇక సంతకం పెట్టి ఆమె దగ్గరికి వెళతాను.

1974వ సంవత్సరం, అక్టోబరు నెల, తొమ్మిదవ తేదీ, కోల్డ్ ఫోర్క్.

(సంతకం) లవాడా గ్రాగ్ ఫెయిర్‌చైల్డ్

సాక్షులు, ఆమె మా ఎదుట సంతకం చేయగా చూసినవారు:
నెల్డా హాజెస్, పోస్టాఫీసు నిర్వాహకురాలు
రాస్కో యూలిన్, పొరుగు రైతు