గౌనులో పదకొండు ముళ్ళు

గుండీల రాణీ,

మనవరాలి గౌను దీంతోపాటే పంపుతున్నాను. ఇక నా సంగతి. నువ్వు అమ్మాయి పురిటికి వెళ్ళిన వారానికే నడుంనొప్పి పిర్రలోంచి పిక్క దాకా దిగింది. నీకు చెప్పలేదు, తిట్టుకో. డాక్టరు దగ్గరికి వెళ్ళాను. "వెన్నులో డిస్కు జారి నరాన్ని నొక్కుతోంది. చాలామందికి కోత లేకుండానే సర్దుకుంటుంది. పాదం బలం తగ్గితే మాత్రం మర్నాడే రండి, ఆపరేషన్ చెయ్యాల్సి రావచ్చు" అన్నాడు. నాకు కుట్టుపని నేర్పిన పెద్దాయన గుర్తొచ్చాడు. నడుం కోయించుకున్నాక ఆయన మళ్ళీ మిషన్ ముందు కూర్చోలేదు. నేను చచ్చినా ఆ బల్ల ఎక్కను. పాదం భేషుగ్గా ఉంది, బెంగపెట్టుకోకు.

నీ మాస్టారు

మాస్టారూ,

గౌను ముద్దొస్తోంది. తిరగేసి చూశాను. పదకొండు చోట్ల దారం తెగి ముడి పడింది. ఇరవై ఆరేళ్ళుగా మీ పక్కన కూర్చుని గుండీలు కుడుతున్నదాన్ని, నాకా కథలు చెప్తారు? తొక్కే పాదం పట్టు తప్పితేనే కదా మిషన్ చక్రం వెనక్కి తిరిగి దారం తెగేది! పాదం లేవడం లేదు కదూ? నాకు కాదు, వెళ్ళి డాక్టరుకి చెప్పండి. మీ పెద్దాయన ఆరు నెలలు కాలు ఈడ్చుకుంటూ తిరిగి, అప్పుడు వెళ్ళాడు ఆపరేషన్‌కి, అందుకే మిషన్‌కి దూరమయ్యాడు. ఆయన భార్యే నాతో చెప్పుకుని ఏడ్చింది. మీ మీద కోపం ఆగడం లేదు, ఏడుపూ ఆగడం లేదు. గురువారం బయల్దేరతాను. అప్పటిదాకా ఆగారో, ఊరుకోను.

మీ గుండీలమ్మ

రాణీ,

నువ్వు నన్ను ఆస్పత్రి నుంచి ఇంటికి చేర్చి, మళ్ళీ అమ్మాయి దగ్గరికి వెళ్ళి నెల దాటింది. నీ ఉత్తరం అందిన రోజే దాన్ని చేత్తో పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళాను, చివాట్లూ తిన్నాను. కాలి నొప్పి ఆపరేషన్ అయిన సాయంత్రానికే పోయింది. నడుంనొప్పి కాస్త మిగిలింది. అది కత్తికి పోయేది కాదట, నడకా వ్యాయామమూ చెయ్యాలట. చేస్తున్నాను, ఒట్టు. ఆపరేషన్ అయ్యాక కూడా పాదం లేవకపోవడమే నన్ను తినేసింది. నీకు భారమైపోతానేమోనని గోడవైపు తిరిగి ఏడ్చాను, నీకు కనపడనివ్వలేదు.

ఇప్పుడు రోజుకో పావుగంట మిషన్ తొక్కమన్నాడు డాక్టరు. వారం పట్టి ఇంకో గౌను కుట్టాను. తిరగేసి చూస్తావని తెలుసు. ఒకే ఒక్క ముడి ఉంటుంది, కంగారుపడకు. అక్కడికొచ్చేసరికి ఆ లేవని పాదం బొటనవేలు దానంతటది పైకి లేచింది. గబుక్కున కాలు తీసేసి నిన్ను కేకేశాను, దారం తెగింది. నువ్వు ఇంట్లో లేవన్న సంగతే మర్చిపోయాను.

నీ మాస్టారు