తొట్టెల నాడు అందరి ముంగట చెప్పిన

అన్నా,

జహీరాబాద్‌ల నేను, బిడ్డ శ్రావణి బాగనే ఉన్నం. అమ్మ మోకాళ్ల నొప్పులు తగ్గినయా? వదిన, పిల్లలు ఎట్లున్నరు? ఫోన్ల చెప్పేటిది కాదు, అందుకే రాస్తున్న. అమ్మకు చదివి వినిపియ్యి.

బడిల వంట పని దొరికింది. మేముండే గది రేకులది, ఎండకు కాలుతది. అయినా ఫికర్ చెయ్యకు. శ్రావణికి పెట్టుడు కన్ను కుదిరింది. అంగన్‌వాడీకి పోతున్నది.

అత్తోళ్ల ఇల్లు ఎందుకు ఇడిచినవని అడిగినవ్ గద. బిడ్డ కన్ను ఫోటోలల్ల తెల్లగ మెరుస్తుంటే దవాఖానకు పోదామన్న. దిష్టి అని అత్త ఆర్నెల్లు ఆపింది. ఆఖరికి హైదరాబాద్ పోతే, కంటి లోపల క్యాన్సర్ అన్నరు. పసిపిల్లలకు వచ్చేదట. ముందుగాల పట్టుకుంటే కన్ను దక్కేదట.

"మీ ఇంట్ల చిన్నప్పుడు కన్ను పోయినోళ్లు ఉన్నరా? కొన్ని ఇండ్లల్ల ఇది రక్తంల వస్తది" అన్నది డాక్టరమ్మ. మీ బావ తల దించుకున్నడు.

మా మరిదికి ఎద్దు కొమ్ము తగిలి కన్ను పోయిందని గద మనకు చెప్పిన్రు. గట్టిగ అడిగితే ఆయనే ఒప్పుకున్నడు: కొమ్ము గాదు, ఇదే గడ్డ. అత్తకు ఎరుకే, ఆయనకు ఎరుకే. సంబంధాలు రావని దాచిన్రు. గా దినమే బిడ్డను తీస్కొని ఇటొచ్చిన. ఇటొచ్చినంకనే ఆపరేషన్ చేసి కన్ను తీసిన్రు.

పోయిన నెల మరిదికి ఆడపిల్ల పుట్టింది. కబురు తెలిసినంక వారం దినాలు ఊకున్న. వాళ్లకు గూడ నా లెక్కనే తెలవనీ అనుకున్న. పాపమే అన్నా, కానీ అనుకున్న.

మల్ల పాపను తొట్టెల ఏసి పేరు పెట్టే నాడు పోయిన. దర్వాజల్నే అత్త చెయ్యి పట్టుకున్నది. "నీ కాళ్లు మొక్కుత, నలుగురి ముంగట అనకు" అన్నది. చెయ్యి ఇడిపించుకోని లోపటికి పోయి తోడికోడలికి చెప్పిన: "మీ ఆయన కన్ను కొమ్ముతోని పోలే. అత్తనడుగు. రేపే పాప కండ్లు డాక్టర్‌కు చూపియ్యి."

అందరు అత్త దిక్కే చూసిన్రు. ఆమె ముఖం నల్లబడ్డది. పాప కోసమే పోయిన అంటే అబద్ధమైతది. ఆ ముఖం చూసెటందుకు గూడ పోయిన.

పాప కంట్ల చిన్న చుక్క దొరికిందట. లేజర్ పెడుతున్నరు, కన్ను దక్కుతదంటున్నరు. తోడికోడలు ఇప్పుడు అత్తను పిల్లను ఎత్తుకోనిస్తలేదట. అది విన్న దినం కడుపు నిండ తిన్న.

మీ బావ వచ్చి ఇంటికి రమ్మన్నడు. తలుపు తియ్యలే.

వీలైతే జర జొన్నపిండి పంపు. అమ్మకు దండాలు, శ్రావణిని దీవించుమను. మేం మంచిగున్నం, ఫికర్ వద్దు. ఊళ్లె ఎవరన్న నీ చెల్లె పగ పట్టిందంటే కాదనకు.

నీ చెల్లె,
సంగీత