పాలు గట్టిపడని గింజలు

శుక్రవారం రాత్రి

యూనివర్సిటీలో మా ఆయన పెంచిన పూలతోటను రేపు బిల్డింగు కోసం తవ్వేస్తారు. తోటతో పాటు ఆయన మాలీ పనీ పోయింది. గింజలైనా తెచ్చుకుందామని సాయంత్రం వెళ్లాను.

బంతి తలలు ముడిచిన కుంచెల్లా ఉన్నాయి. తులసి వెన్నుల నిండా చిన్న చిన్న గంటలు. కాశీతుమ్మ కాయలు చేపపిల్లల్లా ఉబ్బాయి కానీ, వేలు తగిలినా పగల్లేదు, ఇంకా పండలేదు. చంద్రకాంత గింజలు మాత్రం మిరియాల్లా నల్లబడ్డాయి.

సూపర్‌వైజర్ వచ్చి, "ఏం గావాలమ్మా?" అన్నాడు. గింజలు ముదిరేదాకా ఒక్క వారం ఆగమని అడగాలనుకున్నాను. తల అడ్డంగా ఊపి, దొరికినవి కొంగులో వేసుకుని వచ్చేశాను.

ఇంట్లో ఆయన ఒక్కో గింజనూ గోటితో నొక్కి చూశారు.

"ఇంక పాలే ఉన్నయ్. గివి మొలువయ్. జర ఎండనియ్యకపోతివి?"

"నేనాగుత. జేసీబీ ఆగుతదా?" అన్నాను.

ఆయన మెత్తటి గింజలను చెత్తడబ్బాలో పోసి, గోళ్లు కడుక్కున్నారు.

చంద్రకాంత గింజలు గట్టివే. వాటిని గుడ్డలో మూటగట్టాను. ఆయన పని పోవడంతో ఈ తార్నాక గది వదిలి లాలాపేట్ వెళ్తున్నాం. అక్కడ చూసొచ్చిన ఇంటికి గేటు దాకా సిమెంటే. కుండీలు పెట్టొద్దని ఇంటామె ముందే చెప్పింది. అప్పుడు కూడా నేను తలే ఊపాను…