సదయ్య అల్లుడి బండి

గోదావరిఖని నుండి
రోకా మమత, ఖేమరాజ్ రోకా భార్య, విశ్రాంత గని కార్మికుడు సదయ్య కూతురు.

జిల్లా రవాణా అధికారి గారి సముఖమునకు.

విషయం: నేపాల్ దేశ పౌరుడైన నా భర్తకు మోటారు సైకిలు నడుపు లైసెన్సు మంజూరు చేయుట, మా తండ్రి పేరున ఉన్న బండిని ఆయన పేరుకు మార్చుట, ఈ రెండూ లేనందున ఆయనకు జరిగినది తమకు తెలియజేయుట గురించి.

అయ్యా,

ఈ దిగువ సంతకం చేసిన నేను తమకు చేసుకొను మనవి ఏమనగా:

1. నా భర్త నేపాల్ దేశమున రోల్పా అను కొండ జిల్లాలో పుట్టినవాడు. మీసాలు రాని వయసులోనే గోదావరిఖని వచ్చి ఒక ఫాస్ట్‌ఫుడ్ సెంటరులో గిన్నెలు కడుగుటకు కుదిరినాడు. గిన్నెల నుంచి కూరగాయలు తరుగుటకు, అక్కడి నుంచి పొయ్యి ముందరికి వచ్చినాడు. ఇప్పుడు మా సెంటరు మాకు ఉన్నది. షిఫ్టు దిగి వచ్చే కార్మికులు మా దగ్గర నూడుల్స్ తిని ఇంటికి పోవుట కాలనీలో అందరికీ తెలిసిన విషయమే. ఆయనను ఖేమన్న అని పిలుస్తారు. మేమిద్దరం ఇష్టపడి పెండ్లి చేసుకున్నాము. మా నాన్న చాలా కాలం మాతో మాట్లాడలేదు. ఒక సాయంత్రం తనంతట తాను సెంటరుకు వచ్చి, బల్ల మీద కూర్చుని, ఒక ప్లేటు తిని, "ఉప్పు తక్వైంది అల్లుడా" అన్నాడు. అల్లుడా అన్న ఆ ఒక్క మాట కోసం నా భర్త ఆ పూట సెంటరులో ఎవరి దగ్గరా పైసలు తీసుకోలేదు.

2. మా నాన్న భూగర్భ గనిలో పని చేసి దిగిపోయిన మనిషి. ఊపిరితిత్తులు బొగ్గు దుమ్ముతో పాడైనవి. కిక్కు కొట్టినా ఆయాసం వచ్చుచున్నందున తన స్ప్లెండర్ బండి తాళం చెవిని అల్లుడి చేతిలో పెట్టి, "ఇగ ఇది నీది, నన్ను దవాఖానకు నువ్వే తీస్కపోవాలె" అన్నాడు. మరుసటి వారమే ముగ్గురమూ తమ కార్యాలయమునకు వచ్చితిమి. బండిని దొంగచాటుగా వాడుకోవాలని మేము ఏనాడూ అనుకోలేదు.

3. కార్యాలయమున కిటికీ అవతల కూర్చున్న ఉద్యోగి మా కాగితాలు తిరగేసినాడు. నేపాల్ పౌరసత్వ పత్రము చూపితిమి. ఊరికి పోయినప్పుడు తీసుకున్న నేపాల్ లైసెన్సు చూపితిమి, ఇక్కడ చెల్లదన్నాడు. ఆధార్ కార్డు చూపితిమి, అది ఇల్లు ఎక్కడో చెప్పును గాని దేశము ఏదో చెప్పదన్నాడు.

"వీసా ఏదమ్మా? వీసా లేని ఫారినోనికి లైసెన్సు ఎట్లిస్తం?"

"నేపాలోళ్లకు వీసా అక్కెర లేదు సార్."

"అక్కెర లేదని కాయిదం తీస్కరా పో."

ఆ కాగితం కొరకు విదేశీయుల సంగతులు చూసే పోలీసు కార్యాలయమునకు పోతిమి. అక్కడి సారు మంచిగానే కూర్చోబెట్టి మాట్లాడినాడు.

"నేపాలోళ్లను మేం నమోదు చెయ్యమమ్మా. అవసరం లేదు."

"గదే రాసియ్యుండ్రి సార్."

"అవసరం లేనిదానికి కాయిదం ఎట్లిస్తరమ్మా?"

ఆ మాట తీసుకొని మళ్లీ తమ కార్యాలయపు కిటికీ దగ్గరకు వచ్చితిమి. మాట చెల్లదు, కాగితం కావాలన్నారు. ఇట్లా ఎన్ని తడవలు తిరిగితిమో లెక్క రాయుట లేదు. చివరికి నా భర్త, "మమతా, అక్కడోల్లు నిజం చెప్తున్నరు, ఇక్కడోల్లు నిజం చెప్తున్నరు. నేనే అబద్ధం లెక్క ఉన్న" అని నవ్వినాడు. నాకు నవ్వు రాలేదు.

మా నాన్నకు ఆయాసం ఎక్కువైనందున, సెంటరుకు సామాను తేవలసి ఉన్నందున, లైసెన్సు లేకుండానే నా భర్త బండి నడిపిన మాట వాస్తవము. నెమ్మదిగా నడిపినాడు. ఎవరికీ తగిలించలేదు.

4. పోయిన శ్రావణ మాసంలో ఒక పొద్దుటి పూట నా భర్త ఉల్లికాడలు, కొత్తిమీర కొనుటకు మానేరు దిక్కున ఉన్న ఒక ఊరికి పోయినాడు. ఊరి పేరు పోలీసు కాగితాల్లో ఉన్నది. ఇక్కడ రాయను. ఆ ఊళ్లో ఒక మంచి మనిషి కూడా ఉన్నది, ఆమెకు చెడ్డపేరు రావద్దు.

ఆ ఊరి పొలాల్లో కరెంటు మోటార్ల రాగి తీగలు పోతున్నవట. బయటి నుంచి బండ్ల మీద వచ్చేవాళ్లు ఎత్తుకపోతున్నారని అందరి మనసుల్లో ఉన్నది. మా ఆయన ముఖం బయటి ముఖము. బస్సు ఆగే గద్దె దగ్గర బండికి అడ్డం నిలబడ్డారు. ముందు నిలబడినవాడు ఎల్లేశం, ట్రాక్టరు నడిపే మనిషి.

"లైసెన్సు తియ్యి."

"లేదన్నా. అప్లై చేసిన, ఇస్తలేరు."

"బండెవనిది?"

"మా మామది. సదయ్య మామ."

బండి కాగితం గుంజుకొని చూసినాడు. పేరు సదయ్య అనే ఉన్నది.

"నువ్వు నేపాలోనివి. నీకు సదయ్య మామ ఎట్లయితడ్రా?"

అయ్యా, ఈ ప్రశ్నకు జవాబు నేను. నేను అప్పుడు సెంటరులో ఉల్లిగడ్డలు కోస్తున్నాను. జవాబు అక్కడ లేదు గనుక కొట్టుట మొదలుపెట్టినారు.

మొదట చేతులతో, తరువాత చెప్పులతో, తరువాత తుమ్మ కట్టెలతో కొట్టినారు. ట్రాక్టరు తాడుతో కరెంటు స్తంభానికి కట్టినారు. ముందటి పళ్లు రాలిపోయినవి. నా పేరు చెప్పి, ఫోను చేయండని బతిమాలితే, ఫోనును రాయి మీద పెట్టి నలగ్గొట్టినారు. ఆ తరువాత ఎల్లేశం ఆయన కుడి చేతి కట్టు ఒక్కటి విప్పి, ఆ చేతిని గద్దె మీద పరిచి, "తీగలు కోసిన చెయ్యి గిదేనా?" అని అడిగి, ట్రాక్టరు జాకీ రాడుతో కొట్టినాడు. చుట్టూ నిలబడినవాళ్లు సెల్‌ఫోన్లు పైకి ఎత్తి పట్టుకున్నారు. ఆ వీడియో ఇంకా తిరుగుతున్నది. 'బండ్ల దొంగ దొరికిండు' అని రాసి ఉన్నది. మా సెంటరులో రోజూ తినే మనిషే, వీడియోలో ఉన్నది ఎవరో గుర్తుపట్టక నాకు పంపినాడు. అందులో ఎముక విరిగిన చప్పుడు వినిపించును. తమకు పంపమంటే పంపగలను.

కాగితం మీద ఉన్న పేరును బట్టి ఎవరో మా నాన్న నంబరు సంపాదించి, ఊరి పేరు చెప్పి ఫోను చేసినారు.

"పెద్దమనిషీ, నీ బండి దొంగను పట్టినం. వచ్చి బండి తీస్కపో."

"దొంగ కాదురా! నా అల్లుడు!"

"నేపాలోడు నీకు అల్లుడా?" అని నవ్వి ఫోను పెట్టేసినారు.

మా నాన్న, నేను ఆటోలో పోతిమి. సగం దూరం పోయినాక చూసుకుంటే, నూడుల్స్ కలిపే పొడుగు ఇనుప గరిటె నా చేతిలోనే ఉన్నది. పారేయలేదు.

స్తంభానికి వేలాడుతున్న మనిషిని చూసి, ఈయన కాదు, ఇంకెవరో అనుకున్నాను. ముఖం ఆనవాలు లేదు. చొక్కాను బట్టి గుర్తుపట్టినాను. ఎల్లేశం నా వైపు తిరిగి, "ఎవలమ్మా నువ్వు?" అన్నాడు. గరిటె ఎత్తి అతని నుదుటి మీద కొట్టినాను. రక్తం కండ్ల మీదికి కారి కూలబడినాడు. మళ్లీ ఎత్తినాను. ఆ దెబ్బ తగిలి ఉంటే ఈ అర్జీ జైలు నుంచి రాసేదానిని. సారవ్వ అను ముసలామె వెనుక నుంచి వచ్చి నా నడుము పట్టుకొని, "వద్దు బిడ్డా, ముందుగాల నీ మొగని కట్లిప్పు" అన్నది. ఆ ఊళ్లో ఆయనకు నీళ్లు తాగించినది ఆమె ఒక్కతే.

కట్లు విప్పితే ఆయన కింద పడినాడు. జనం నా మీదికి, ఆయన మీదికి వచ్చినారు. మా నాన్న, నాలుగు అడుగులు వేస్తే నిలబడి ఊపిరి తీసుకునే మనిషి, పోయి అల్లుడి మీద బోర్లా పడుకున్నాడు. "నన్ను కొట్టుండ్రి. బండి నాది, పిల్లగాడు నావోడు" అని అరిచినాడు. ఆయన వీపు మీద కూడా దెబ్బలు పడినవి. అప్పుడు ఓపెన్‌కాస్టు గనిలో డ్యూటీ చేసే తిరుమల అను అతను గుంపును తోసుకొని వచ్చి, "ఆగుండ్రిరా! గీయన మన సదయ్య కాక!" అన్నాడు. కట్టెలు ఆగినవి.

మా నాన్న ఎవరో తెలిసి ఆగినారు. నా భర్త ఎవరో తెలిసి కాదు. ఈ సంగతి నాకు నిద్రలో కూడా గుర్తు వచ్చుచున్నది.

5. తరువాత పెట్టిన కేసుల వివరము. ఆయనను కొట్టినందుకు గుర్తు తెలియని వ్యక్తుల మీద కేసు. వాళ్ల ముఖాలు వీడియోలో మొటిమలతో సహా కనిపించుచున్నవి. ఎల్లేశం నుదురు పగలగొట్టినందుకు నా మీద పేరుతో సహా కేసు. లైసెన్సు లేని మనిషికి బండి ఇచ్చినందుకు మా నాన్న మీద కేసు. లైసెన్సు లేకుండా నడిపినందుకు నా భర్త మీద కేసు. ఆ కాగితం మీద ఆయన దవాఖాన మంచం మీద ఎడమ చేతి వేలిముద్ర వేసినాడు. కుడి చేయి అప్పుడు కట్టులో ఉన్నది.

అయ్యా, లైసెన్సు లేనివాడని రాయుటకు ఆయన పేరు, ఊరు, దేశము అన్నీ సరిపోయినవి. లైసెన్సు ఇచ్చుటకే సరిపోలేదు. బండి ఠాణా ఆవరణలో వానకు తడుస్తున్నది.

6. ఇంటికి వచ్చినాక నా భర్త మాటలు తగ్గించినాడు. ముగ్గురు మనుషులు కలిసి సెంటరు వైపు నడిచి వస్తే పొయ్యి వెనక్కి పోయి నిలబడతాడు. ఒక రోజు నాతో, "మమతా, నాకు బండొద్దు. నడుస్త. లేకపోతె మా ఊరికి పోదం" అన్నాడు. పోదామని నాకూ అనిపించింది. రోల్పాలో నన్ను ఆపి, నువ్వు ఈ ఇంటి కోడలివి ఎట్లయితవు అని అడిగితే నేను ఏ కాగితం చూపించాలె అని కూడా అనిపించింది.

మొన్న ఎల్లేశం మా ఇంటికి వచ్చినాడు. నుదుటి మీద కుట్ల గుర్తులు ఇంకా ఎర్రగా ఉన్నవి. వాకిట్లో నిలబడి, "అక్కా, తెల్వక జరిగింది. నువ్వు గూడ కొట్టినవ్ గద. కేసులు ఇద్దరం వాపసు తీస్కుందం" అన్నాడు. నా భర్త లోపలి గదిలోకి పోయి తలుపు వేసుకున్నాడు. గడియ పెట్టిన చప్పుడు నాకు, ఎల్లేశంకు, ఇద్దరికీ వినిపించింది.

నేను అడిగినాను: "తెలిస్తె కొట్టకపోదువా?"

అతను తల వంచుకొని చాలాసేపు ఆలోచించినాడు. అబద్ధం చెప్పాలని మాత్రం ఆలోచించలేదు, అది నేను చూసినాను. "కాయిదం ఉంటె ఇడిసిపెడుదుము అక్కా" అన్నాడు.

"పో ఇక్కడి నుంచి" అన్నాను. పోయినాడు. కేసు వాపసు తీసుకొనుట లేదు.

కాగితం ఉంటే వదిలిపెట్టి ఉందురా అన్నది నాకు తెలియదు. చేయి విరగగొట్టిన మనిషి మాటను నమ్మి అర్జీ రాయవలసిన గతి పట్టినందుకు నాకు సిగ్గుగా ఉన్నది. అయినా ఆ మాట నిజమై ఉండవచ్చును. నిజమైతే, నా భర్త ఎముకకూ ఆ ఇనుప రాడుకూ మధ్య అడ్డం ఉండవలసినది తమ సంతకము. అది ఆ పొద్దున లేదు.

కావున తమరు దయతో, వీసా అక్కర లేని మనిషిని వీసా అడుగుట మాన్పించి, ఆయనకు పరీక్ష పెట్టి, నడపగలిగితే లైసెన్సు ఇప్పించవలెను. మా నాన్న బతికి ఉండగానే బండిని అల్లుడి పేరుకు మార్పించవలెను. నియమము ఒప్పుకోదంటే, ఒప్పుకోదని కాగితం మీద రాసి, సంతకం పెట్టి ఇవ్వవలెను. నోటి మాటతో పంపితే ఈసారి కిటికీ దగ్గర నుంచి కదలను. ఇది బెదిరింపు కాదు. గరిటె ఇంట్లోనే పెట్టి వస్తాను.

లైసెన్సు వచ్చిన రోజున ఆయన వెనుక కూర్చుని, పట్టపగలు, ఆ ఊరి నడిమధ్య నుంచి పోవాలని నాకు ఉన్నది. గద్దె దగ్గర బండి ఆపి, సారవ్వ ఇంట్లో మంచినీళ్లు తాగి రావాలని ఉన్నది. ఆయనకు ఈ సంగతి ఇంకా చెప్పలేదు.

ఇందులో కోపం పక్కన పెట్టి, జరిగినది మాత్రము చిత్తగించవలెనని కోరుచు,

ఇప్పటి వరకు తమకు విధేయురాలు,
రోకా మమత

తా.క. రాసినదంతా ఆయనకు చదివి వినిపించినాను. ఊరి నడుమ నుంచి పోదామన్న దగ్గర నా ముఖం చూసినాడు. కొంచెం సేపటికి, తన మాట కూడా రాయమన్నాడు. ఆయన చెప్పినది చెప్పినట్లు రాస్తున్నాను:

"సార్, నమస్తె. మమతకు కోపం ఎక్వ, మీరు ఏమనుకోకుండ్రి. టెస్టుకు ఎప్పుడు రమ్మంటె అప్పుడు వస్త. చేతి కట్టు ఇప్పిండ్రు. చిటికెన వేలు, దాని పక్క వేలు వంగుతలేవు. తక్కిన రెండు వంగుతున్నయ్. పక్కింటి దీపక్క బండిని మా వాకిట్ల స్టాండేసి, పొద్దుగాల ఎవ్వరు లేనప్పుడు కూసోని నేర్చుకుంటున్న. ఇప్పటిదాంక మమతకు గూడ తెల్వదు. ఎక్సలేటర్ తిప్పితె నొస్తది, కని తిరుగుతది. రెండు వేళ్లతోని బ్రేకు గట్టిగ పడుతుంది సార్. రోడ్డు మీదికి మాత్రం తియ్యలే. లైసెన్సు లేదు గద."