అవ్వ పొయ్యి ఆపిన వేలం

1953, చైత్రం, బుధవారం రాత్రి

వాన కురవని నేరానికి, అప్పు తీర్చలేదని నాగమ్మవ్వ ఇంటిని ఈరోజు వేలం వేయించబోయాడు షావుకారు రంగయ్య. బేతంచెర్లలో రాళ్ల గనులు నిలిచిపోయి, బనగానపల్లెలో మామిడి పూత రాలిపోయి ఇండ్లు వేలంలో పోయాయి. మా ఊళ్లో కరువుకు పోతున్నాయి. కారణం ఊరికొకటి, వేలం చాటే తప్పెట మాత్రం ఒకటే. రైతు సంఘం కరపత్రాల్లో చదివిందంతా, వేలం వేయడానికి వచ్చిన కోర్టు అమీను ముఖాన అరిచాను.

"ఏమప్పా, ఊరికే గొంతు చించుకుంటాండావు? రెండు పుల్లలు తేపో," అంది అవ్వ.

తెచ్చాను. ఆమె పొయ్యి అంటించి గంజికి ఎసరు పెట్టింది. పొయ్యి మండుతున్న ఇంటిని వేలంలో పాడుకున్నవాడికి అన్నం పుట్టదని మా వైపు నమ్మకం. అమీను మూడుసార్లు పిలిచాడు. ఒక్కరూ పాడలేదు. రంగయ్య మనుషులు కూడా నేల చూపులు చూశారు.

"ఉడికేదాకా కూచోప్పా, తాగి పోదువు," అంది అవ్వ అమీనుతో. పాడేవాళ్లు లేరని రాసుకుని అతను వేలం రేపటికి వాయిదా వేశాడు. నా అరుపులకు ఆగనిది రెండు పుల్లలకు ఆగింది. ఎంత పెద్ద మనిషి ఆమె.

కానీ ఆ ఇంట్లో కట్టెలు అయిపోయాయి. తెల్లారగానే ఇల్లిల్లూ తిరిగి చెప్పాలి: ఎనిమిది గంటలకు అందరూ అవ్వ వాకిట్లోకి రండి, తలా ఒక పుల్ల తెండి.