ఎండకు నల్లబడ్డ అంకెలు

తాతా,

నువ్వు పోయి ఈ రోజుకు ఏడాది. పొద్దున నీకు దండం పెట్టుకుని అందరం మిర్చి కల్లానికి వెళ్లాం. బాబాయి కొత్త చేతిగడియారం పెట్టుకొచ్చాడు. దానికి ముళ్లు లేవు. బూడిదరంగు తెర మీద అంకెలు వాటంతటవే మారుతున్నాయి. లోపల ఉన్నది ద్రవ స్ఫటికమట. నీరూ రాయీ ఒక్క మాటలో ఎలా ఇమిడాయా అని మళ్లీ మళ్లీ పలికి చూశాను.

"రేపు మన డబ్బా టీవీ గూడ గింతే పల్చగైతది. క్యాలెండర్ లెక్క గోడకు తగిలిస్తరు," అన్నాడు బాబాయి.

చేతులు కడుక్కోవడానికి దాన్ని తీసి బండ మీద పెట్టాడు. అంత గొప్పదీ మన ఎండకు ఆగలేదు. వచ్చి చూసేసరికి తెరంతా నల్లబడింది, ఒక్క అంకె లేదు. బాబాయి ముఖం వాడిపోయింది.

"దానికి గూడ వడదెబ్బ తగిలిందిరా," అంటూ నానమ్మ దాన్ని నీడకు తెచ్చి, తడిగుడ్డలో చుట్టి కుండకు ఆనించింది. నిరుడు వడదెబ్బకు నువ్వు పడిపోయినప్పుడు నీకూ ఇలాగే చుట్టింది.

"నీళ్లు పోతే ఖరాబైతదే అమ్మా."

"నువ్ జర ఊకో."

కాసేపటికి గుడ్డ మడత కాస్త తప్పించి చూస్తే, నలుపు విడిపోయి అంకెలు ఒక్కొక్కటే పైకి తేలాయి. కనబడనంతసేపూ అది లోపల నడుస్తూనే ఉందట. నేను రెప్ప వేయకుండా చూశాను.

"మంచిగైంది, ఇగ గుడ్డ తియ్యవే," అన్నాడు బాబాయి.

నానమ్మ వినలేదు. గుడ్డను ఇంకోసారి తడిపి చుట్టింది.