నన్నే సాహెబ్ బోరింగు

ఫిబ్రవరి 3, 2025

ప్రాజెక్టుకి ఊళ్లు ఖాయమయ్యాయి. దర్శి, పొదిలి చుట్టూ ముప్పై చిల్లర బోరింగులు. వాటి నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుందో చూడాలి. మా గైడ్ శేషాచలం సార్ మ్యాప్ మీద పెన్సిల్‌తో సున్నాలు చుడుతుంటే ఒకటి సరిగ్గా మా అమ్మమ్మ ఊరి మీద పడింది. ఆ సంగతి సార్‌కి నా క్లాస్‌మేట్ శరణ్య చెప్పేసింది. దానికి కడుపులో ఏదీ దాగదు. అయితే ఆ రోజు మనకి భోజనం బెంగ లేదన్నమాట అన్నారు సార్.

నా పళ్ల మీద గోధుమరంగు చారలున్నాయి. పదేళ్లు వచ్చేదాకా అమ్మమ్మ దగ్గరే పెరిగాను. అమ్మా నాన్నా అప్పట్లో చిలకలూరిపేట జిన్నింగ్ మిల్లులో పని. ఎన్విరాన్‌మెంటల్ ఇంజనీరింగ్ ఎందుకు తీసుకున్నావని ఎవరైనా అడిగితే ఇంటరెస్ట్ అంటాను. అబద్ధం. ఎంటెక్‌లో వచ్చిన సీటు అది, చేరాను. ఇంటరెస్ట్ రెండో సెమిస్టర్‌లో పుట్టింది. వాటర్ క్వాలిటీ క్లాసులో ఒక స్లైడ్ వేశారు. తెర నిండా పళ్లు. అచ్చం నావే. అప్పటిదాకా నేను సరిగా తోముకోకపోవడం వల్ల అనుకునేదాన్ని.

చిత్రం ఏంటంటే ఆ నీళ్లంటే నాకు ఇప్పటికీ ఇష్టం. కొంచెం ఉప్పగా, చల్లగా, ఇనుము వాసనతో. బడి నుంచి వచ్చి ఒక చేత్తో బోరింగు కొడుతూ ఇంకో చెయ్యి పట్టేదాన్ని. గౌను తడిసేది, అమ్మమ్మ తిట్టేది. హాస్టల్ ఆర్వో నీళ్లు ఎన్ని తాగినా దాహం తీరినట్టుండదు.


ఫిబ్రవరి 15

ఊరు వెళ్లొచ్చాం. ఒళ్లంతా కారం. కళ్లాల నిండా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. శరణ్య తుమ్ములు ఆపలేదు. గుంటూరు పిల్లవై ఉండి మిరప ఘాటు కొత్తా అమ్మా అని ఆటో అతను ఒకటే నవ్వు.

పొద్దున్నుంచీ అంతా పద్ధతిగానే చేశాం. బోరింగు కాసేపు కొట్టి నిలవ నీరు పోనివ్వడం, వచ్చే నీళ్లతోనే బాటిల్‌ని మూడుసార్లు తొలవడం, నింపడం, మీటర్ పెట్టడం, లేబుల్ అంటించడం. అమ్మమ్మ ఇల్లు చేరేసరికి మిట్టమధ్యాహ్నం అయింది. మంచాల మీద కొత్త దుప్పట్లు. మాకు కోడికూర. సార్ కోసం పక్క వీధి టీచరుగారింట్లో పప్పూ పెరుగూ వండించి తెప్పించింది. సార్ మొహమాటపడుతూనే రెండోసారి వడ్డించుకున్నారు.

తాత బోరింగు ఇంటికి నాలుగడుగుల్లో, మసీదు పక్కన. ముందు శాంపిల్ తీసి వస్తానని లేవబోయాను. కంచం ముందు నుంచి లేస్తావా, వచ్చినవాళ్లు తింటుంటే, గుంటూరు వాళ్లు ఇదేనా నేర్పింది అని కసిరింది. బాటిళ్లు నేను పట్టుకొస్తాలే, మూడుసార్లు తొలవాలని ఫోన్లో వందసార్లు చెప్పావుగా అంది. నింపి తెచ్చింది. మూత బిగించి, పైన కొంగుతో తుడిచి మరీ ఇచ్చింది. బస్సుకి టైమైపోయింది. మీటర్ పెట్టలేదు.

ఒక్కటే నచ్చలేదు. నాకూ క్యాన్ నీళ్లే ఇచ్చింది. బోరింగు నీళ్లు కావాలంటే, గుంటూరు నీళ్లకి అలవాటుపడ్డ గొంతు, పడిశం పడుతుంది వద్దంది. నన్ను చుట్టాన్ని చేసేసింది.


ఫిబ్రవరి 17

హైదరాబాద్ కన్సల్టెన్సీ నుంచి మెయిల్. ఇంటర్వ్యూ 25న. అమ్మకి చెప్పాను. హైదరాబాదా అని సంబరపడి, వెంటనే హైదరాబాదా అని దిగులుపడింది.


ఫిబ్రవరి 20

తాత బోరింగులో ఫ్లోరైడ్ 0.3!

పరిమితి ఒకటిన్నర. చుట్టుపక్కల బోరింగులన్నీ మూడు, నాలుగు. తాతది 0.3. ల్యాబ్‌లో గెంతాను. శరణ్య కూడా గెంతింది, ఎందుకో తెలియకుండానే.

దానికి తర్వాత చెప్పాను. తాత నన్నే సాహెబ్ దూది ఏకి పరుపులు కుట్టేవాడు. నేను పుట్టకముందే పోయాడు. ఆ ఏడే అమ్మమ్మ గాజులు తీసిచ్చేసి ఆయన పేరున బోరు వేయించింది. గట్టు తడి ఆరకముందే పుల్లతో ఆయన పేరు రాయించింది. జనం ఆ నీళ్లు తాగినన్నాళ్లూ పోయినవాడికి సవాబు చేరుతూనే ఉంటుందని మావాళ్ల నమ్మకం. తాత పుణ్యం ఖాతా అన్నమాట. పరిమితి దాటితే ఆ బోరింగుకి ఎర్ర రంగు వేస్తారు. ఇక ఎవరూ తాగరు. ఇన్నాళ్లూ నా భయం అదే. ఇవాళ పోయింది.

అమ్మమ్మకి ఫోన్ చేసి మంచి నీళ్లే అన్నాను. సరేలే అంది.


ఫిబ్రవరి 21

మిగతా టెస్టులు చేశాను. అమ్మమ్మ బాటిల్లో టీడీఎస్, అంటే కరిగిన లవణాలు, నలభై ఎనిమిది. దర్శి నేలలో అంత పలచటి నీళ్లు ఎక్కడా రావు. పక్క బోరింగులన్నీ పదిహేను వందల పైనే.

సార్ రీడింగ్ చూసి, కళ్లజోడు తీసి, మళ్లీ పెట్టుకుని, ఏ కంపెనీ బోరు అమ్మా ఇది అని అడిగారు.


ఫిబ్రవరి 22

అమ్మమ్మ ఒప్పుకుంది, బాటిల్లో పోసింది క్యాన్ నీళ్లేనని. దాచాలని కూడా అనుకోలేదు, అదే విచిత్రం.

ఊరికి సార్లు వస్తే బోరింగు నీళ్లిస్తామా, మన పరువేం కావాలి అంది. తాగడానికి కాదు, టెస్టుకి అన్నాను. టెస్టుకైతే ఇంకా మంచివి ఇవ్వాలిగా, పెళ్లిచూపులకి పిల్లని మాసిన చీరతో కూర్చోబెడతామా అంది. మూడుసార్లూ క్యాన్ నీళ్లతోనే తొలిచిందట. ఆ నీళ్లు పారబోయడం ఇష్టంలేక మల్లెచెట్టుకి పోసిందట. ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాను.

చివర్లో గొంతు తగ్గించింది. అసలు నీళ్లు పట్టుకెళితే మీ తాత బోరింగుకి ఎర్ర రంగు వేస్తారా అని అడిగింది. నా నవ్వు అక్కడికక్కడే ఆగిపోయింది.


ఫిబ్రవరి 25

ఇంటర్వ్యూ ఆన్‌లైన్‌లోనే, రూములో శరణ్య ఉండగా, బాగానే జరిగింది. ఫ్యాక్టరీలకి పర్యావరణ రిపోర్టులు రాసే పని. క్లయింట్లతో మాట్లాడాలి, కాన్ఫిడెంట్‌గా నవ్వుతూ ఉండాలి అన్నాడు ఇంటర్వ్యూ చేసినాయన. నేను మాట్లాడినంతసేపూ చెయ్యి నోటి దగ్గరే పెట్టుకున్నానని శరణ్య తర్వాత చెప్పింది.

శరణ్యకి స్పిన్నింగ్ మిల్లు వాళ్ల డైయింగ్ యూనిట్‌లో మురుగునీటి ప్లాంటు చూసే ఉద్యోగం వచ్చింది. రంగు నీళ్లు లోపలికి వచ్చి తెల్లగా బయటికి పోతే చాలు, నా జన్మ ధన్యం అంటోంది. షానవాజ్ దుబాయ్‌లో సేఫ్టీ ఆఫీసర్. ఇంకో ఇద్దరు సాఫ్ట్‌వేర్. క్లాసు అప్పుడే సగం ఖాళీ అయినట్టుంది.

పట్టికలో తాత బోరింగు వరస తీసేస్తే ఏమవుతుంది? ముప్పై చిల్లరలో ఒకటి. థీసిస్‌కి ఏమీ కాదు. సార్‌తో అన్నాను. తియ్యమనలేదు, ఉంచమనలేదు. దర్శికి తెల్లవారుజామున బస్సుందా అని అడిగారు, అంతే. ఆయనంటే ఒళ్లు మండింది.


మార్చి 8

మళ్లీ వెళ్లాను, ఒక్కదాన్నే. రోజా ఉన్నాను.

బోరింగు హ్యాండిల్ అదే కిర్రుమనే చప్పుడు. రెండుసార్లు కిర్రు, మూడోసారికి నీళ్లు. చేతులు మరిచిపోలేదు. గట్టు మీద తాత పేరు సగం అరిగింది. నీళ్లు చేతుల మీద పడుతుంటే దోసిలి పట్టేశాను. నోటిదాకా తెచ్చి, ఉపవాసం గుర్తొచ్చి వదిలేశాను.

మీటర్ పెట్టాను. రెండు బాటిళ్లు నింపాను, ఒకటి టెస్టుకి, ఒకటి స్పేర్. ఫ్లోరైడ్ శాంపిల్‌లో యాసిడ్ గీసిడ్ ఏమీ కలపం. ఉత్త నీళ్లే.

అమ్మమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. రాలేదు, పిలవలేదు. మోకాళ్లు వంగడం లేదట ఈ మధ్య.

పక్కింటి మాబూబీ మనవరాలు రిహానా వచ్చింది. ఆరేళ్లది. పాలపళ్లు ఊడి ముందు పన్ను కొత్తగా వచ్చిందని నోరు తెరిచి చూపించింది. సుద్దముక్కతో గీసినట్టు తెల్లటి గీతలు. నావీ అలాగే మొదలయ్యాయి. నా ఎదురుగానే అది బోరింగు కొట్టుకుని కడుపునిండా తాగి వెళ్లిపోయింది. క్యాన్ నీళ్లు వాళ్లింటికి రావు.

ఇఫ్తార్‌కి అమ్మమ్మ నాకు క్యాన్ నీళ్లిచ్చింది. తను బోరింగు నీళ్లు తాగింది.


మార్చి 11

4.1


మార్చి 16

అమ్మమ్మకి ఎదురుగా చెప్పాలనుకున్నాను. ఫోన్లో చెప్పేశాను. రిహానా పళ్ల సంగతి, నా పళ్లు, తన మోకాళ్లు, అన్నీ. నీళ్లు వేడి చేసినా ఫ్లోరైడ్ పోదని చెప్పాను.

అంతా విని ఒక్కటే అడిగింది. అయితే ఇన్నేళ్లూ మీ తాతకి చేరింది పుణ్యమా, పాపమా అని.

ఫోన్ పెట్టేసింది.


మార్చి 19

ఎత్తడం లేదు.


మార్చి 24

ఎత్తడం లేదు. సిలార్ మామయ్య ఎత్తాడు. బాగానే ఉందే, ఎవరితోనూ మాట్లాడటంలేదు, బోరింగు గట్టు మీద కూర్చుంటోంది, నువ్వేం చెప్పావే దానికి అని నామీద అరిచాడు. వరస తీసేసి ఉంటే ఈపాటికి పండక్కి చీర రంగు గురించి మాట్లాడుతూ ఉండేది. ఆ మాట అనుకోకుండా ఉండలేకపోతున్నాను. ఈ చదువు చదివిందే అమ్మమ్మని ఏడిపించడానికా.


ఏప్రిల్ 1

నిన్న పండగ. అమ్మావాళ్లతో ఊరు వెళ్లాను. భయపడుతూనే.

అమ్మమ్మ సేమ్యా పెట్టి, పక్కన కూర్చుని, తాత గురించి మొదలుపెట్టింది. ఇదివరకు ఎప్పుడూ చెప్పలేదు. ఒకసారి పొదిలిలో ఎవరి పెళ్లికో పరుపు కుట్టిచ్చాడట. ఇంటికొచ్చాక ఆ దూదిలో తడి ఉందేమోనని అనుమానం. నిద్రపట్టలేదట. మర్నాడు వెళ్లి, పెళ్లివారు వద్దంటున్నా వినకుండా, అందరిముందూ కుట్లు విప్పి, దూదంతా ఎండలో పోసి, మళ్లీ కుట్టి వచ్చాడట. పరువు పోయిందని తను వారం రోజులు మాట్లాడలేదట.

చెప్పి నవ్వింది. ఆ మనిషి ఉంటే ఈ బోరింగు తనే ఆపేవాడు, నువ్వొచ్చేదాకా ఆగేవాడా అంది. తర్వాత ఏడ్చింది. నేనూ ఏడ్చాను. అమ్మ సేమ్యా చల్లారిపోతోందని ఇద్దర్నీ తిట్టింది.

సాయంత్రం మామయ్య చేత దర్శి నుంచి ఎర్ర రంగు తెప్పించింది. ఆఫీసు వాళ్లు వచ్చి వేసేదాకా ఎందుకు, మనది మనమే వేసుకుందాం అంది. హ్యాండిల్‌కి నేను వేశాను, గొట్టానికి మామయ్య. గట్టు మీద పేరు జోలికి మాత్రం ఎవర్నీ రానివ్వలేదు. నీళ్లుంటాయిగా, మసీదుకొచ్చేవాళ్లు కాళ్లూ చేతులూ కడుక్కుంటారు, ఆ సవాబు మీ తాతకి చేరదా, చేరుతుంది అని తనే అడిగి తనే చెప్పుకుంది.

ఇంట్లోని క్యాన్ తీసుకొచ్చి అరుగు మీద పెట్టించింది. పిల్లలెవరైనా తాగొచ్చట. గ్లాసుకి గొలుసు కట్టించింది. మిగిలిన ఎర్ర రంగుతో క్యాన్ మీద కూడా నన్నే సాహెబ్ అని రాయించింది. క్యాన్ మారిస్తే పేరు పోతుందిగా అన్నాను. మళ్లీ రాస్తాం, రంగుందిగా అంది.

ఎర్ర రంగు వేయకముందే ఒక్క గుక్క తాగాలని నాకు ఎంతగానో అనిపించింది. అడగలేదు. ఇంత గొడవ చేసిందాన్ని, ఏ మొహంతో అడగను.


మే 9

వైవా అయిపోయింది. నీ శాంపిల్స్‌లో నీకు బాగా గుర్తుండేది ఏది అని ఎక్స్‌టర్నల్ అడిగారు. సార్ కిటికీలోంచి బయటికి చూస్తూ నవ్వు ఆపుకుంటున్నారు. ఫీల్డ్‌కి వెళ్తే భోజనానికి ముందే శాంపిల్ తీయాలండి అన్నాను.

ఫేర్‌వెల్ సమోసాలు చల్లగా ఉన్నాయి. ల్యాబ్ తాళం తిరిగి ఇచ్చేముందు ఒకసారి చుట్టూ చూశాను. రెండేళ్లు తిట్టుకుంటూ కడిగిన గాజు సామాను అంతా బోర్లించి ఉంది. ఫ్రిజ్‌లో శరణ్య రాసిన లేబుళ్లు, పక్కన తను గీసే పిచ్చి బొమ్మలు. ఇక వాటిని చూసి ఎవరూ నవ్వరు.

హైదరాబాద్ వాళ్లు రమ్మన్నారు. ఒంగోలులో నీటి పరీక్షల ల్యాబ్‌లో కాంట్రాక్టు పోస్టు కూడా వచ్చింది. ఊళ్ల నుంచి వచ్చే బాటిళ్లు టెస్టు చేయడం, రాని ఊళ్లకి వెళ్లి తేవడం. అమ్మ హైదరాబాద్ అంటుంది. నేను ఒంగోలు అన్నాను. సార్ మాత్రం, దర్శికి అక్కడి నుంచి బస్సులు ఎక్కువ అన్నారు.

ట్రంకు సర్దుతుంటే తాత బోరింగు నీళ్ల స్పేర్ బాటిల్ దొరికింది. పారెయ్యలేదు.


జూన్ 23

ఒంగోలు. మొదటి రోజు.

ఐడీ కార్డుకి నవ్వమన్నారు. చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నవ్వాను.

రూముకొచ్చి బాటిల్ మూత తీశాను. ఒక్క గుక్క. ఉప్పగా, ఇనుము వాసనతో. అవే.

తాతా, చేరిందా?